తూటా బయటికి తీస్తే బతికినట్టేనా?

ప్రశ్న: డిటెక్టివ్ నవల రాస్తున్నాను. హీరో భుజంలో తూటా దిగుతుంది. స్నేహితుడు కత్తితో దాన్ని పెకలించి, గాయం మీద బ్రాందీ పోసి కట్టు కడతాడు. వారం తిరక్కుండానే హీరో అదే చేత్తో విలన్‌ను చితగ్గొడతాడు. పాఠకులు నమ్ముతారా?

జవాబు: వైద్యం తెలిసినవాళ్లు నమ్మరు. అసలు భుజమంటే అపాయం లేని చోటు అనుకోవడమే పొరపాటు. జబ్బ కండను రాసుకుంటూ పోతే సరే. కాస్త లోపలికి, కాలరు ఎముక కిందికి జరిగిందా, చేతికి రక్తం తెచ్చే పెద్ద ధమని, చేతిని ఆడించే నరాల గుత్తి, ఊపిరితిత్తి పైకొన, అన్నీ బెత్తెడు జాగాలోనే ఉంటాయి. ధమని తెగితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అక్కడ టూర్నికే (రక్తం ఆగేలా చేయి చుట్టూ బిగించే పట్టీ) బిగించడానికి చోటు కూడా ఉండదు. గాజుగుడ్డను గాయం అడుగుదాకా కూరి, ఒంటి బరువంతా మోపి కనీసం 10 నిమిషాలు నొక్కిపట్టాలి. మధ్యలో ఎత్తి చూస్తే కడుతున్న గడ్డ ఊడొస్తుంది. స్నేహితుడికి మీరు ఇవ్వాల్సిన పని ఇదీ. దుప్పటి కూడా కప్పించండి, ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు.

తూటా జోలికి మాత్రం పోనివ్వకండి. కత్తితో కెలికితే అప్పటిదాకా బాగున్న నాళం తెగుతుంది, మురికి లోపలికి దిగుతుంది. బ్రాందీ పచ్చి కండను పాడుచేస్తుంది. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చినప్పుడు, డాక్టర్లు కడగని వేళ్లు పెట్టి తూటా కోసం వెతికారు. ఒళ్లంతా చీము పట్టి సెప్టెంబరు 19న చనిపోయాడు. 1912లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఛాతీలో దిగిన తూటాను కదపకుండా వదిలేశారు. 1919లో పోయేదాకా అది ఆయన ఒంట్లోనే ఉంది. ఇప్పుడూ సర్జన్లు తూటాను తీసేది ముఖ్యంగా అది కీలులో ఇరుక్కున్నా, నరాన్ని ఒత్తుతున్నా.

సంభాషణలకు పనికొచ్చే లెక్క ఒకటి. 70 కిలోల మనిషిలో రక్తం సుమారు 5 లీటర్లు. ముప్పావు లీటరు పోయినా మామూలుగానే మాట్లాడతాడు. ఆపైన గుండెదడ, ఆదుర్దా మొదలవుతాయి. లీటరున్నర దాటితే బీపీ పడిపోయి, ఒళ్లు చల్లబడి, మాట పొంతన తప్పుతుంది.

ఇక వారం సంగతి. కాలరు ఎముక విరిగితే అతకడానికి 6 నుంచి 12 వారాలు. తెగిన నరాన్ని కుట్టినా అది రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. వేళ్లలోకి కదలిక రావడానికి ఏడాది దాటొచ్చు, రాకనూపోవచ్చు. వారంలోనే కొట్లాట తప్పదంటే గాయాన్ని జబ్బ పైపొరకే పరిమితం చేయండి, లేదా రెండో చేత్తో కొట్టించండి.

ప్రశ్న: తూటా తగలగానే మనిషి వెనక్కి ఎగిరిపడతాడా?

జవాబు: ఎగరడు. 8 గ్రాముల పిస్తోలు తూటా సెకనుకు 360 మీటర్ల వేగంతో వచ్చి 70 కిలోల ఒంట్లో ఆగిపోయినా, ఆ ఒంటికి అందే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లే. కాళ్లలో సత్తువ పోతే ఉన్నచోటే కూలబడతాడు. గుండెకే తగిలినా, మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో 10, 15 సెకన్లు స్పృహలో ఉండొచ్చు. ఎదురుకాల్పులు జరపడానికి ఆ వ్యవధి చాలు.