శాలువా కంటే ముందు ఆ పిల్ల మాట వినండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనను నలుగురికీ ఎలా చూపాలన్నదే ఆ సంగతి. నాలుగూ మన సీమవే. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నేను అనంతపురంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మా పరిశోధక విద్యార్థులు ఈ ఏడాది సాధించినవి అందరికీ తెలిసేలా ఒకరోజు కార్యక్రమం పెట్టమని నాకు అప్పగించారు. ఇంతవరకు ఇలాంటివన్నీ ఫ్లెక్సీలు, శాలువాలు, ప్రసంగాలతోనే గడిచిపోయాయి. నాకు వేరేగా చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక అధ్యాపకుడు, అనంతపురం

జవాబు: నాయనా, వేరేగా చేయాలని ఉందన్న మాట మీ ఉత్తరంలో చూసి ప్రాణం లేచొచ్చింది. నేను 31 ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి సభలు ఎన్నో చూశాను గానీ ఒకటి మాత్రం మరిచిపోలేను. అది ఏ ఊళ్లో, ఏ విశ్వవిద్యాలయంలో జరిగిందో చెప్పను. పదిన్నరకు సభ అన్నారు. ముఖ్య అతిథి పన్నెండుకు వచ్చారు. జ్యోతి వెలిగించారు, ప్రార్థన అయింది. వేదిక మీదున్న పదకొండు మందికీ వరసగా బొకే, శాలువా, మెమెంటో. ఏడుగురు స్కాలర్లు తలా పది నిమిషాలు మాట్లాడతారని కార్డులో వేశారు. వాళ్లలో నా విద్యార్థిని ఒకతె. నాలుగేళ్లు పొలాల వెంట తిరిగి మట్టి మూటగట్టి తెచ్చుకున్న పిల్ల. ఆ పది నిమిషాల కోసం వారం రోజులు అద్దం ముందు నిలబడి చెప్పుకుంది. ఒంటిగంటన్నరకు ‘టైము లేదు, అందరూ వరసగా వచ్చి సర్టిఫికెట్ తీసుకుని ఫొటో దిగండి’ అని మైకులో చెప్పారు. ఫొటోలో ఆ పిల్ల ముఖం సగమే పడింది, మిగతా సగానికి అతిథి గారి భుజం అడ్డం. సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని ‘మేడమ్, నేనేం చేశానో ఒక్కరైనా అడగలేదు’ అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

అందుకే మీరు మొదట చూడాల్సింది ఫ్లెక్సీ డిజైను కాదు, టైము లెక్క. సభ రెండున్నర గంటలనుకుంటే రెండు గంటలు స్కాలర్లకే వదిలేయండి. మీ స్వాగతం, వీసీ గారి మాట, అతిథి మాట, వందన సమర్పణ అన్నీ మిగిలిన అరగంటలోనే సర్దుకోవాలి. అతిథి మాట చివర పెట్టండి. పిల్లలు చెప్పింది విన్నాక మాట్లాడితే ఆయన మాటల్లో వాళ్ల పని కూడా వస్తుంది. వేదిక మీద కుర్చీలు వేయొద్దు. వీసీ గారితో సహా పెద్దలంతా కింద ముందు వరసలో కూర్చోవాలి, పైన ఒక స్కాలరు, ఒక మైకు, ఒక తెర ఉంటే చాలు. ఈ మాట పైవాళ్లకు చెప్పాలంటే జంకుగా ఉంటుంది, నాకు తెలుసు. అనుమతి కోసం ఫైలు పెట్టేటప్పుడే ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఒక కాగితం మీద గీసి, జతచేసి సంతకం తీసుకోండి. ఆ రోజు మీ మీద ఎవరూ కోప్పడరు.

ఒక్కొక్కరికి మూడు నిమిషాలివ్వండి. నాలుగేళ్ల పనికి మూడు నిమిషాలేమిటని స్కాలర్లే మొదట గొడవ చేస్తారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ‘త్రీ మినిట్ థీసిస్’ అనే పోటీ మొదలుపెట్టింది. అది ఎలా పుట్టిందో వింటే అనంతపురం వాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. అప్పట్లో అక్కడ గట్టి కరువు. స్నానానికి నీళ్లు పొదుపుగా వాడాలని చాలామంది బాత్రూము గోడకు మూడు నిమిషాల గడియారం తగిలించుకున్నారు. అది చూసి అక్కడి డీన్‌కు ఒక ఆలోచన తట్టింది. ఆ కాస్త వ్యవధిలో స్కాలరు తన థీసిస్ సంగతి చెప్పగలడా అని. కదలని స్లైడు ఒక్కటే ఉండాలి, ఆ శాస్త్రం చదవని మనిషికీ అర్థం కావాలి. ఇప్పుడది ఎన్నో దేశాల్లో నడుస్తోంది. మీరు దానికి ఇంకో నియమం చేర్చండి: తెలుగులోనే చెప్పాలి. శాస్త్రం మాట ఇంగ్లీషుదైతే అలాగే ఉంచండి, దాని చుట్టూ ఉన్న వాక్యం మాత్రం మనదై ఉండాలి. నెల ముందు నుంచి వారానికో రోజు పిల్లలను కూర్చోబెట్టి చెప్పించుకోండి. వినేవాళ్లలో క్యాంటీన్ అతను, ఆఫీసు గుమాస్తా తప్పకుండా ఉండాలి. వాళ్లకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడే దిద్దుకోవాలి.

మధ్యాహ్నం పోస్టర్లు పెడతారు కదా. ఉత్త పోస్టరు ముందు ఎవరూ నిలబడరు. ప్రతి పోస్టరు ముందు ఒక బల్ల వేసి, చేత్తో ముట్టుకోవడానికో కంటితో చూడటానికో ఒక వస్తువు పెట్టించండి. ఇది నాకు మా నాయన వల్ల తెలిసింది.

నా పీహెచ్‌డీ చెనక్కాయకు, అంటే వేరుశనగకు, పట్టే బూజు మీద. దాని పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. పంట చివర్లో వానలు ఆగిపోయి, కాయ ఊరే సమయంలో నేల కాగితే ఆ బూజు కాయలోకి దూరి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం వెతుకుతూ పోతే వాటికి మేతగా వేసిన వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. ఇదంతా థీసిస్‌లో రాశాను. ధర్మవరం దగ్గర ఎనిమిదెకరాల మెట్టలో ఏటా చెనక్కాయ పెట్టే మా నాయనకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

వైవా రోజున, అంటే థీసిస్ మీద నోటి పరీక్ష రోజున, గైడు గారి అనుమతితో ఆయన వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. గంటన్నర అంతా ఇంగ్లీషే. అయిపోయాక అందరూ టీకి వెళ్తే ఆయన్ను ల్యాబ్‌లోకి తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. ఏమీ కనపడలేదన్నాడు. మా ల్యాబ్ అటెండరు వచ్చి అద్దం తిప్పి వెలుతురు సరిచేశాడు. అప్పుడు నాయన కదలకుండా అయిపోయాడు. సన్నని కాడ, దాని కొసన గుండ్రంగా, పసుపూ ఆకుపచ్చా కలిసిన బుడిపె. ‘తుమ్మపూత మాదిరుందే’ అన్నాడు. చొక్కా జేబులోంచి రెండు కాయలు తీసి బొటనవేలితో నొక్కి పగలగొట్టాడు. ముడతపడిన గింజ మీద ఆకుపచ్చ పొడి. ‘ఇదీ అదేనామ్మా?’ అన్నాడు. అదే నాయనా అన్నాను. ‘ఇట్లాంటియన్నీ గానుక్కేసి చెక్క ఎద్దులకు పెడ్తిమి గదా ఇన్నేండ్లు’ అని గింజ వంకే చూస్తూ ఉండిపోయాడు.

ఆ మాట నా పరీక్షకులెవరూ అనలేదు. నా తర్వాతి పదేళ్ల పని అక్కడే మొదలైంది. చెట్టు పీకాక కాయలు పైకుండేలా తిరగేసి ఆరబెట్టడం, గింజలో తేమ 8 శాతానికి దిగేదాకా మూట కట్టకపోవడం, ముడత గింజ ఏరి మనుషులకూ పశువులకూ దూరం పెట్టడం. ఇవి చెప్పుకుంటూ ఊరూరూ తిరిగాను. మీ బల్లల ముందుకు రైతులు, బడిపిల్లలు, స్కాలర్ల తల్లిదండ్రులు రావాలని ఇందుకే అంటున్నాను. వాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకోవడానికి ప్రతి బల్ల మీదా ఒక నోటుబుక్కు పెట్టండి.

తేదీ సంగతి. జూన్, జూలైలో వద్దు, విత్తనం వేసే అదునులో రైతు రాలేడు. ఫిబ్రవరి 28 బాగుంటుంది. 1928లో ఆ రోజే రామన్ తన ఆవిష్కరణను ప్రకటించారు కాబట్టి అది జాతీయ విజ్ఞాన దినోత్సవం. అప్పటికి ఎండలూ ముదరవు. శాలువాలు కొనక తప్పదంటే ల్యాబ్ అటెండర్లకు, ఫీల్డుకు జీపు తోలిన డ్రైవర్లకు కప్పండి. ఆ రోజు అద్దం తిప్పినాయన పేరు నా థీసిస్‌లో లేదు. ఆ లోటు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ప్రశ్న: మా పాపకు డాక్టరేటు వచ్చింది. బోరు నీళ్లలో ఫ్లోరైడు తీసేదాని మీద చేసిందంట. ఊళ్లో ‘ఏ ఆస్పత్రిలో వేస్తారు’ అని అడుగుతున్నారు. యూనివర్సిటీలో సన్మానం చేస్తే పోయినా గానీ, అంతా ఇంగ్లీషు. నాకు చెప్పుకొనే దానికి రాలేదు.
– ఒక తండ్రి, ఉరవకొండ దగ్గర

జవాబు: అన్నా, మీ పాప పని మీ ఊరికి ఎంత దగ్గరిదో చూడండి. మన జిల్లా అడుగున ఉన్నది ఎక్కువగా నల్లరాయి, గ్రానైటు. ఆ రాళ్లలోని ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. తాగే నీళ్లు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్ల మీద గార కడుతుంది, ఇంకా ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు బిగుసుకుపోతాయి. నీళ్లు కాచితే అది పోదు. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతి ఒకటుంది. దాన్ని నల్లగొండ పద్ధతి అంటారు. ఫ్లోరైడుతో అల్లాడిన ఊళ్ల పేరు మీదే వచ్చింది. మీ పాప చేసింది ఇలాంటి దారిలో ఇంకో అడుగు.

సన్మానం యూనివర్సిటీలో అయింది, ఇంక ఊళ్లో జరగాలి. ఒక ఆదివారం పొద్దున పాపను రచ్చకట్ట దగ్గరికి పిలిపించండి. ఇంటింటి నుంచి ఒక్కో సీసా నీళ్లు, సీసా మీద బోరు ఎవరిదో రాసి తెమ్మనండి. ఆమె అక్కడే రంగు మారే పరీక్ష చేసి చూపించగలదు. ఏ బోరు నీళ్లు తాగొచ్చో, ఏవి వద్దో ఆమె నోట వింటే ఆస్పత్రి ప్రశ్న ఇంకెవరూ అడగరు. మరో మాట. దేశంలోని థీసిస్‌లను శోధ్‌గంగ అనే చోట ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకునేలా ఉంచుతున్నారు. పాపది అక్కడ చేరిందేమో అడిగి, ఫోనులో తెరిపించుకోండి. ముందు పేజీల్లో కృతజ్ఞతలని ఉంటుంది. అది మీకు తెలుగులో చదివి వినిపించమనండి.

ప్రశ్న: మాది తెలుగు శాఖ. సైన్సు వాళ్లు యంత్రాలు చూపిస్తారు. మేం ఏం చూపించాలి?
– పరిశోధక విద్యార్థి, కడప

జవాబు: కడపలో ఉండి ఈ ప్రశ్న అడగొచ్చా నాయనా! 1820లో మీ ఊరికి వచ్చిన ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ ఒక్కో పద్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని పోల్చి చూపించాడు. 1829లో ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాల వెనక ఉన్నది అలాంటి శ్రమే. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. అక్కడ అడిగి ఒక తాటాకు ప్రతి చూపించే ఏర్పాటు చేసుకో. ఒకే పద్యం మూడు ప్రతుల్లో మూడు రకాలుగా ఉంటే ఆ మూడింటినీ పెద్ద అక్షరాలతో పక్కపక్కన రాసిపెట్టి, ఏది సరైనదనుకుంటున్నారో వచ్చినవాళ్లనే అడుగు. వాళ్లు వాదులాడుకుంటారు. ఆ తర్వాత నువ్వు దేన్ని ఎందుకు ఎంచుకున్నావో చెప్పు.

ప్రశ్న: నా పరిశోధన అడవి పక్షుల మీద. లంకమల వైపు నాకు దారి చూపి, కూతలూ గుర్తులూ నేర్పింది ఒక పెద్దాయన. ఆయన లేనిదే నా పని లేదు. యూనివర్సిటీ కార్యక్రమానికి వేసే పోస్టరులో ఆయన పేరు పెడతానంటే ‘స్థానిక సహాయకుడు అని రాస్తే చాలు’ అన్నారు ఒక సీనియరు. ఏం చేయాలి?
– పరిశోధక విద్యార్థిని, కడప జిల్లా

జవాబు: తల్లీ, కలివికోడి అనే అరుదైన పిట్ట సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మీ జిల్లాలోనే మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ ఊళ్లు తిరిగి వాకబు చేశారు. రాత్రిపూట ఆ పిట్టను చేత పట్టుకొచ్చినవాడు మాత్రం ఐతన్న, అక్కడి వేటగాడు. ఆ పక్షి కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. ఇన్ని జరగడానికి పొదల్లో ఆ మనిషి నడక ఆధారం. ఆయన పేరు ‘స్థానిక సహాయకుడు’ కాదు కదా.

ముందు ఆ పెద్దాయన్ను అడుగు. పేరు వేయడం ఇష్టమేనా, ఇంటిపేరుతో వేయాలా, ఫొటో పెట్టొచ్చా అని. సరేనంటే ఆయన చూపించిన గుర్తులేమిటో కూడా ఒక వాక్యంలో రాయి. పక్షులు గుడ్లు పెట్టే చోటు మాత్రం పోస్టరులోనూ, నోటి మాటగానూ ఎవరికీ చెప్పొద్దు. కార్యక్రమం రోజు ఆయనకు బస్సు చార్జీ, భోజనం మీ శాఖ నుంచి ఇప్పించు. నీ పోస్టరు పక్కన ఆయనకూ ఒక కుర్చీ వేయించు. కూతల గురించి ఎవరైనా అడిగితే నువ్వు చెప్పకు, ఆయన్నే చెప్పనివ్వు. పేరు నీ పేరు కిందే, అదే సైజు అక్షరాలతో వేయించు.