Re: పీహెచ్‌క్యూ-9 జవాబులు ఎక్కడ సేవ్ చేయాలి?
పీహెచ్‌క్యూ-9 లో, అంటే డిప్రెషన్ ఎంత ఉందో చూసే తొమ్మిది ప్రశ్నల ఫారమ్‌లో, తొమ్మిది జవాబుల్నీ తొమ్మిది అబ్జర్వేషన్లుగా (ఒక్కో ఫలితానికి ఒక్కో రికార్డు) సేవ్ చేస్తే రిపోర్ట్ అంతా వాటితోనే నిండిపోతోంది అన్నారు కదండీ. అలా విడగొట్టకండి, ఫైర్‌లో (FHIR, ఆరోగ్య డేటా ఇచ్చిపుచ్చుకునే స్టాండర్డ్) క్వశ్చనేర్ రెస్పాన్స్, అంటే నింపిన ఫారమ్ జవాబులన్నీ ఒకేచోట ఉంచే రికార్డు, ఉన్నదే అందుకు, ఏ ప్రశ్నకి ఏం టిక్ పెట్టారో లింక్ ఐడీతో (ఒక్కో ప్రశ్నని గుర్తించే ఐడీ) సహా అక్కడే ఉంచేయండి. మొత్తం స్కోర్, అంటే 0 నుంచి 27, దాన్ని మాత్రం అబ్జర్వేషన్ చేసి లోయింక్ (LOINC, పరీక్షలకి, కొలతలకి వాడే స్టాండర్డ్ కోడ్‌లు) కోడ్ 44261-6 ఇచ్చి, డిరైవ్డ్ ఫ్రమ్‌లో (దేన్నుంచి వచ్చిందో చెప్పే ఫీల్డ్) ఆ రెస్పాన్స్‌కి రిఫరెన్స్ పెట్టండి, రిపోర్ట్‌లో డాక్టర్‌కి కావాల్సింది అదే. కానీ తొమ్మిదో ప్రశ్న ఉంది చూడండి, చనిపోతే బాగుండు అనే ఆలోచనల గురించి అడిగేది, టోటల్ 5 వచ్చినా దానికి 1 పడితే ఎవరో ఒకరు చూడాల్సిందే, అందుకే దాన్ని ఇంకో అబ్జర్వేషన్‌గా విడిగా తీయండి, ఇది మాత్రం వదిలేయొద్దు ప్లీజ్. ఇంకోటి, ఫారమ్ మార్చినప్పుడు పాత లింక్ ఐడీని వేరే ప్రశ్నకి వాడకండి, వెర్షన్ పెంచండి.