హిస్టరీ ఎస్సేలో మార్కులు తగ్గాయి, అయినా లా చదువుతానంటోంది

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా అమ్మాయి 11వ తరగతి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సు) యూఎస్ హిస్టరీ తీసుకుంది. అమెరికా తొలి రోజుల్లోని రెండు పార్టీలు, ఫెడరలిస్టులు, జెఫర్సన్ పార్టీ మధ్య గొడవ మీద రాసిన ఎస్సేకి మార్కులు బాగా తగ్గాయి. అయినా లాయర్ అవుతానంటోంది. వాళ్ల నాన్న మాత్రం కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకేదీ వద్దంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఎప్పుడో 230 ఏళ్ల నాటి తగాదాలు చదివితే ఏం ఉపయోగం? ఎస్సే కూడా పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఎస్సే రెండుసార్లు చదివాను. కష్టపడి రాసింది, తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ‘ఫెడరలిస్టులు బలమైన కేంద్రం కావాలన్నారు, జెఫర్సన్ వర్గం రాష్ట్రాల హక్కులు కావాలంది’ అని మొదటి పేరాలో రాసి, చివరిదాకా అదే మాట తిప్పి తిప్పి చెప్పింది. వాళ్లు దేని గురించి, ఏ మాట పట్టుకుని వాదించుకున్నారో ఎక్కడా లేదు. మార్కులు పోయింది అక్కడే. లాయర్ కావాలనుకునే పిల్ల నేర్చుకోవాల్సిందీ అదే. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

1790 చివర్లో ఆర్థిక మంత్రి హామిల్టన్ నేషనల్ బ్యాంకు పెట్టాలన్నాడు. కోటి డాలర్ల మూలధనం, అందులో ఐదో వంతు ప్రభుత్వానిది. 1791లో అక్కడి చట్టసభ కాంగ్రెస్ ఒప్పుకుంది. కానీ రాజ్యాంగం కేంద్రానికి ఇచ్చిన అధికారాల జాబితాలో బ్యాంకు పెట్టడం లేదు. ప్రెసిడెంట్ వాషింగ్టన్ సంతకం పెట్టకుండా ఆగి, తన దగ్గర పనిచేసేవాళ్లను అభిప్రాయం రాసి ఇమ్మన్నాడు. విదేశాంగ మంత్రి జెఫర్సన్, అటార్నీ జనరల్ రాండాల్ఫ్ వద్దన్నారు.

తగాదా అంతా ఒక్క మాట మీద నడిచింది. కేంద్రం తన అధికారాలను అమలు చేయడానికి ‘అవసరమైన, తగిన’ చట్టాలు చేసుకోవచ్చని రాజ్యాంగంలో ఉంది. అవసరం అంటే అది లేకపోతే పని ఆగిపోయేదని జెఫర్సన్ అర్థం చెప్పాడు. బ్యాంకు లేకుండానే పన్నులు వసూలవుతాయి, కాబట్టి అది సౌకర్యమే తప్ప అవసరం కాదన్నాడు. మామూలు వాడుకలో అవసరం అంటే పనికొచ్చేదనే అర్థమని హామిల్టన్ వాదించాడు. పన్నులు వేసే, అప్పు తెచ్చే అధికారం ఇచ్చాక ఆ పనికి తోడ్పడే సాధనం ఎంచుకునే హక్కు కూడా దాంతోనే వస్తుందన్నాడు. ఫిబ్రవరి 25న వాషింగ్టన్ సంతకం పెట్టాడు.

అసలు మజా 1819లో ఉంది. 1816లో వచ్చిన రెండో నేషనల్ బ్యాంకుకు బాల్టిమోర్‌లో ఉన్న శాఖ మీద మేరీలాండ్ రాష్ట్రం పన్ను వేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. చీఫ్ జస్టిస్ మార్షల్ రాజ్యాంగంలో ఇంకో చోటు చూపించాడు. రాష్ట్రాలు దిగుమతి సుంకాలు వేసుకునే విషయంలో అక్కడ ‘పూర్తిగా అవసరమైతే’ అని ఉంది. ఇక్కడ వట్టి ‘అవసరం’ అనే ఉంది. రెండూ ఒకటే అయితే అక్కడ ‘పూర్తిగా’ అని ఎందుకు చేర్చినట్టు? బ్యాంకు గెలిచింది, ఆ పన్ను చెల్లదని కోర్టు తేల్చింది. ఈ వాదన మీ అమ్మాయికి చెప్పి, ఆమె ముఖం చూడండి. ఆసక్తిగా ఇంకా అడిగితే లా మీద ఆమెకున్నది మోజు కాదని నేను నమ్ముతాను.

ఎస్సేలో ఇంకో పొరపాటు ఉంది. చాలామంది పిల్లలు చేసేదే. 1787, 88లలో కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోమని వాదించినవాళ్లనూ ఫెడరలిస్టులే అన్నారు, తర్వాత హామిల్టన్ వెనక నిలబడ్డ పార్టీనీ ఫెడరలిస్టులే అన్నారు. రెండూ ఒకటి కాదు. మాడిసన్ మొదట హామిల్టన్‌తో కలిసి రాజ్యాంగం కోసం వ్యాసాలు రాశాడు. మూడేళ్లు తిరగకముందే బ్యాంకును ప్రతినిధుల సభలో గట్టిగా వ్యతిరేకించాడు. మీ అమ్మాయి ఆయన్ని చివరిదాకా ఫెడరలిస్టుగానే ఉంచేసింది. అలాగే జెఫర్సన్ వర్గం తమను రిపబ్లికన్లమని చెప్పుకున్నా, ఇప్పటి రిపబ్లికన్ పార్టీ వేరు, అది 1854లో పుట్టింది.

మంచి మార్కులు తెచ్చే అంశం మరొకటి: అధికారం చేతికొచ్చాక ఇరుపక్షాలూ మాట మార్చాయి. రాజ్యాంగంలో రాయని పని కేంద్రం చేయకూడదన్న జెఫర్సన్, 1803లో కోటిన్నర డాలర్లకు ఫ్రాన్స్ నుంచి లూసియానా అనే పెద్ద ప్రాంతాన్ని కొన్నాడు. రాజ్యాంగం దీనికి ఒప్పుకుంటుందా అన్న అనుమానం ఆయనకే ఉంది. బ్యాంకు వద్దన్న మాడిసన్ ప్రెసిడెంట్ అయ్యాక 1816లో రెండో బ్యాంకుకు సంతకం పెట్టాడు. బలమైన కేంద్రం కావాలన్న న్యూ ఇంగ్లాండ్ ఫెడరలిస్టులు 1814 చివర్లో హార్ట్‌ఫర్డ్‌లో చేరి రాష్ట్రాల హక్కుల గురించి మాట్లాడారు. ఎందుకు మారారో రెండు పేరాలు రాస్తే చాలు, ఎస్సే స్థాయే మారిపోతుంది.

‘పాత తగాదాలు’ అన్నారు కదా. 1798లో ఫెడరలిస్టులు పౌరసత్వం కోసం వేచి ఉండాల్సిన కాలాన్ని 5 ఏళ్ల నుంచి 14 ఏళ్లకు పెంచారు. కొత్తగా వచ్చిన వలసదారులు ఎక్కువగా జెఫర్సన్ పక్షానికి ఓటేస్తున్నారన్నది ఒక కారణం. జెఫర్సన్ గెలిచాక 1802లో మళ్లీ 5 ఏళ్లు చేశారు. గ్రీన్‌కార్డు వచ్చిన 5 ఏళ్లకు సిటిజన్‌షిప్‌కు అప్లై చేసే మన కుటుంబాలకు ఈ అంకె కొత్త కాదు.

ఇక చదువు సంగతి. మన దేశంలోలాగా ఇక్కడ ఇంటర్ కాగానే ఐదేళ్ల లా కోర్సు ఉండదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఆ తర్వాత మూడేళ్ల లా స్కూల్. ఆ డిగ్రీ ఫలానా సబ్జెక్టులోనే ఉండాలని లేదు. కాబట్టి మీ ఇంట్లో గొడవ ఇప్పుడే తేలాల్సిన పని లేదు. ఆమెకు ఇష్టమైతే కంప్యూటర్ సైన్స్‌తో పాటు హిస్టరీ కూడా చదవొచ్చు. పేటెంట్ ఆఫీసులో కేసులు నడపాలంటే సైన్స్, ఇంజినీరింగ్ లాంటి చదువు అడుగుతారు, కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అక్కడ పనికొస్తుంది. ఈ మాట మీవారికి చెప్పండి. ఇంకో మాట కూడా దాచను. లా స్కూల్ ఫీజులు చాలా ఎక్కువ, లాయర్లందరికీ పెద్ద జీతాలు రావు. స్కాలర్‌షిప్ లేకుండా అప్పు మీదే చదవాల్సి వస్తే నేను ఆలోచించమనే చెబుతాను. అందుకే డిగ్రీలో మార్కులు, లా ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ స్కోరు ముఖ్యం.

ఈ శనివారం ఒక పని చేయండి. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వారి ‘ఫౌండర్స్ ఆన్‌లైన్’ సైట్లో 1791 నాటి ఆ అభిప్రాయాలు ఉచితంగా దొరుకుతాయి. జెఫర్సన్‌ది చిన్నది, దాన్ని అమ్మాయికి ఇవ్వండి. హామిల్టన్‌ది చాలా పొడవు, మీవారు మొదటి కొన్ని పేజీలు చదివితే చాలు. భోజనాలయ్యాక బ్యాంకు ఉండాలా వద్దా అని ఇద్దరినీ వాదించుకోనివ్వండి. అరగంటయ్యాక పక్షాలు మార్చుకోమనండి. మీరు వాషింగ్టన్‌లా విని, ఎవరి మాటకు సంతకం పెట్టేవారో, ఎందుకో చెప్పండి. తర్వాత ఆ ఎస్సే మళ్లీ రాయించి నాకు పంపండి, చూస్తాను.