ముందు కొబ్బరి చిప్పలతో మొదలుపెట్టు

చిట్టితల్లీ,

వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళతో వారానికి రెండు రోజులు మ్యూజిక్ చేయిస్తున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది, ఎంత సంతోషమేసిందో. ఆన్‌లైన్‌లో రంగురంగుల గిలక్కాయల సెట్ ఆర్డర్ పెడతావట, అది మాత్రం వద్దమ్మా. ఎనభై ఏళ్ళ మనిషికి పసిపిల్లల బొమ్మ ఇస్తే, మతిమరుపు ఉన్నా సరే, మనసు చిన్నబుచ్చుకుంటారు. అదే తాళాల్లా కొట్టి వాయించుకునే కొబ్బరిచిప్పలు ముందుపెట్టి "తాతగారూ, వీటికి కాస్త గరుకు కాగితం పట్టిస్తారా" అని అడిగి చూడు, మన కోనసీమ వాళ్ళకి చిప్ప కొత్తా, పీచు ఎలా గీకాలో వాళ్ళే నీకు నేర్పుతారు. సగం పని ఆ గీకుడులోనే అయిపోతుంది, చేతులు కదుల్తాయి, పాత కబుర్లు బయటికొస్తాయి, అందుకే ఇంట్లో అన్నీ రెడీ చేసి పట్టుకెళ్ళకు.

చిప్పల వెనక గుడ్డ పట్టీ అతికించు, వేళ్ళు బిగుసుకుపోయినవాళ్ళు పట్టుకోనక్కర్లేదు, చెయ్యి దూరిస్తే చాలు. పక్షవాతం వచ్చి చెయ్యి సరిగా లేవని వాళ్ళకి మెత్తటి గుడ్డ మీద నాలుగు గజ్జెలు కుట్టి మణికట్టుకి వదులుగా కట్టు, కాస్త కదిలినా గల్లుమంటుంది, అది విని వాళ్ళే ఇంకోసారి కదుపుతారు. ముందు ఫిజియో ఆయన్ని ఒక మాట అడుగు.

చిన్న సీసాల్లో బియ్యం పోసి ఊపితే తుంపర పడ్డట్టు మెత్తగా ఉంటుంది, చింతగింజలైతే గట్టిగా మోగుతాయి, ఏది కావాలో వాళ్ళనే ఎంచుకోనివ్వు. మూడో వంతుకి మించి పోయకు, నిండితే గింజ కదలదు. మూత గమ్‌తో అతికించి టేపు చుట్టేయ్, తినేవనుకుని నోట్లో వేసుకుంటే గొంతుకి అడ్డంపడతాయి.

నేను మొదట్లో స్టీలు పళ్ళాలు, గరిటెలు ఇచ్చి తప్పు చేశా. చెవి మిషన్ పెట్టుకున్న మామ్మగారొకరు రెండు చెవులూ మూసుకుని ఏడ్చేశారు, మిషన్ ఆ చప్పుడుని ఇంకా పెంచుతుంది కదా, నాకు తట్టనేలేదు. ఆవిడ మొహం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. స్టీలు జోలికి పోకు.

నాలుగు వారాలయ్యాక ఐదు పింగాణీ గిన్నెల్లో నీళ్ళు పోసి జలతరంగం పెట్టు, నీళ్ళు పెంచితే స్వరం కిందకి దిగుతుంది, ఫోన్‌లో స్వరం చూపించే ట్యూనర్ పెట్టుకుని మోహన రాగం ఐదు స్వరాలకి సరిచేశావంటే ఎవరు ఏ గిన్నె మీద పుల్లతో తట్టినా వినసొంపుగానే ఉంటుంది, తప్పు వాయించామన్న బెరుకు ఉండదు.

పాటలంటావా, వాళ్ళ వయసులో ఊళ్ళో పాడుకున్న భజనలే తీసుకో, పేర్లు మర్చిపోయినవాళ్ళు కూడా పల్లవి అందుకోవడం నేను చాలాసార్లు చూశా. తాళం నీ స్పీడ్‌లో వెయ్యకు, వాళ్ళు ఎంత నెమ్మదిగా కొడితే అంత నెమ్మదిగా పాడు. ఇరవై నిమిషాలు చాలు, వాయించనన్న వాళ్ళని ఊరికే కూర్చుని విననివ్వు.

పన్నెండు జతల చిప్పలు ఎండబెట్టి ఉంచా, ఆదివారం మీ పెదనాన్న అటు వస్తున్నారు, ఆయనతో పంపిస్తా. గీకలేదులే.

మీ పెద్దమ్మ