సమాధానం: ఏఐ ఏజెంట్ తప్పు టూల్‌ను ఎందుకు పిలుస్తోంది?

అన్నా, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర అడిగితే మీ ఏఐ ఏజెంట్ (ప్రశ్న చదివి, తగిన చిన్న ప్రోగ్రామ్‌ను, అంటే టూల్‌ను, పిలిచి జవాబిచ్చేది) ఒక్కోసారి ధరల టూల్ బదులు నిల్వల టూల్‌ను పిలుస్తోందన్నారు. ఏజెంట్ వెనక ఉన్న ఏఐ మోడల్‌ను మార్చకండి, లోపం టూల్స్‌కు మీరు రాసిన వివరణలో ఉంది. రెండు టూల్స్‌కూ "మార్కెట్ వివరాలు ఇస్తుంది" అనే రాశారు. అది చదివితే ఏది వాడాలో మనిషికైనా తెలియదు.

ధరల టూల్‌కు ఇట్లా రాయండి: "ఒక రోజు, ఒక రకం మిర్చికి క్వింటాల్ ధరను రూపాయల్లో ఇస్తుంది. నిల్వల కోసం వాడొద్దు." ఆ రెండో వాక్యం తప్పక ఉండాలె.

టూల్‌కు పంపే 'రకం' అనే విలువను (పారామీటర్) ఉత్త స్ట్రింగ్‌గా, అంటే ఏ మాటైనా రాయగలిగేలా, వదలకండి. తేజ, వండర్ హాట్, చపాటా అని ఈనమ్‌లో (enum, అంటే అనుమతించిన విలువల జాబితా) పెట్టండి. చపాటాను మన దిక్కు టమాటా మిర్చి అంటరు కదా, ఆ పేరు వివరణలో లేకుంటే ఏజెంట్ టమాటా ధర వెతికే ప్రమాదం ఉంది. తేదీకి 2025-02-14 లాంటి నమూనా ఇవ్వండి, లేకుంటే 'నిన్న' అని పంపుతది. ఇవాళ్టి తేదీ మోడల్‌కు దానంతట తెలియదు, సిస్టమ్ ప్రాంప్ట్‌లో (మోడల్‌కు ముందుగా ఇచ్చే సూచనల్లో) మీరే అందించాలె.

అన్నిటికంటే ముఖ్యం సెలవు రోజు. ఆ రోజు ధరల టూల్ నుంచి ఖాళీ జాబితా వస్తే ఏజెంట్ ధర ఊహించి చెప్పొచ్చు, రైతు అది నమ్మి బస్తాలు బండికెత్తుతడు. అందుకే "ఆ రోజు మార్కెట్ లేదు, ముందు రోజు తేదీతో మళ్లీ పిలువు" అనే సందేశం టూల్ నుంచే రావాలె.