ఉత్తరం గట్టు నీడ

చిరంజీవి చిన్నాకి, అత్తయ్య ఆశీస్సులు.

మన రెండెకరాల చుట్టూ టేకు మొక్కలు పెడతానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూనే తాతల పొలం మీద మనసు పెట్టావని ఎంత పొంగిపోయానో! రాత్రికి మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

గుంత తీయడం, మొదటి ఎండాకాలం నీళ్లు పోయడం ఎవరైనా చెబుతారు. ఏ గట్టు మీద పెట్టాలో నేను చెప్పాలి.

పెళ్లయిన కొత్తలో నేనూ మీ మావయ్యా మా అత్తారి చేను ఉత్తరం గట్టున నలభై జామాయిల్ మొక్కలు పెట్టాం. వానాకాలం కదా, పొద్దు నడినెత్తిన ఉండి నీడ మొక్కల మొదట్లోనే పడేది. ఎవరికీ నష్టం లేదనుకున్నాం. మూడేళ్లకి ఇంటి ఎత్తు దాటాయి. సార్వా, అదే వానాకాలం వరి, ఈనే నాటికే పొద్దు దక్షిణానికి వాలుతుంది. దాళ్వా, అదే రెండో పంటలోనూ అంతే. నీడంతా ఉత్తరం పక్క రైతు చేలో పడింది. కాండంలో వెన్ను పుట్టే చిరుపొట్ట దశ మొదలు గింజ గట్టిపడేదాకా వరికి ఎండ కావాలిరా. అది తగ్గితే వెన్నుకి గింజలు తగ్గుతాయి, ఉన్నవీ తాలు పోతాయి. నీడలో మంచు ఆరక పాముపొడ తెగులు కూడా అక్కడే ముదిరింది. వేళ్లు గట్టు దాటి ఆయన వేసిన ఎరువు లాగేశాయి.

ఒకరోజు పొద్దున్నే ఆయన రెండు వెన్నులు తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. నడి చేలోది బరువుకి వంగి ఉంది. గట్టు పక్కది నిటారుగా నిలబడి ఉంది. దాని గింజ గోటితో నొక్కితే లోపల ఏమీ లేదు, ఒట్టి ఊక. ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. చెట్లు కొట్టించాం. మోళ్లు మళ్లీ చిగిర్చాయి, రెండేళ్లు ఆ చిగుళ్లు నరుకుతూనే ఉన్నాం. ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. మీ మావయ్య పోయిన రోజు కూడా వీధిలోనే కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

నిన్ను పెట్టొద్దనను. మన ఉత్తరం గట్టు అవతల పంట కాలువ ఉంది, నీడ నీళ్ల మీద పడుతుంది, అక్కడ పెట్టుకో. తూర్పు, పడమర గట్ల మీదైతే ఎడంగా పెట్టు, అదీ పక్కవాళ్లని అడిగాకే. అడగకుండా ఒక్క గుంత తీసినా నేను ఊరుకోను. దక్షిణం గట్టున టేకు వద్దు, ఆ నీడ మన చేనుకే. అక్కడ పచ్చిరొట్ట ఎరువుకి పనికొచ్చే గ్లైరిసిడియా పెట్టి, నాట్లకి దమ్ము చేసే ముందు మోకాలి ఎత్తుకి నరికి రొట్ట చేలో తొక్కించు.

పాత తాడిచెట్టు జోలికి వెళ్లకు. దాని నీడ కాస్తే. రాత్రి గుడ్లగూబ వాలి ఎలకల్ని పడుతుంది. మీ తాతయ్య దాని కిందే నాకు ముంజలు ఒలిచి పెట్టేవారు.

సంక్రాంతికి వచ్చినప్పుడు పది అడుగుల వెదురు గట్టున పాతి మిట్టమధ్యాహ్నం నీడ కొలువు, ఎనిమిది అడుగుల దాకా వస్తుంది. అందాకా నర్సరీకి అడ్వాన్స్ ఇవ్వకు. టేపు రెండో కొస నేను పట్టుకుంటాను. చీకటి పడ్డాక టార్చి లేకుండా గట్టు మీదికి వెళ్లకు నాన్నా.

అత్తయ్య