లిస్టులో పేరు లేకపోతే?

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. సివిల్స్ రాసి విదేశాంగ శాఖలోకి వెళ్ళాలని ఆశ. మా నాన్నేమో "రాయబారి అంటే కోటేసుకుని విందులకు పోయే పని. దాంతో పేదోళ్ళకు ఏం ఒరుగుతుంది? బీఈడీ చెయ్" అంటున్నారు. ఆ దారిలో వెళ్ళి నిజంగా జనానికి పనికొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?
– ఒక విద్యార్థిని, పలమనేరు

జవాబు: ఉన్నారమ్మా. తిరుపతిలో ముప్పై ఏళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పాను. ప్రతి బ్యాచ్‌కీ ఒక పేరు తప్పకుండా చెప్పేదాన్ని: సదాకో ఒగాటా.

1927లో టోక్యోలో పుట్టారు. తండ్రి దౌత్యవేత్త. ముత్తాత ఇనుకాయ్ జపాన్ ప్రధానమంత్రి. 1932లో నౌకాదళ యువ అధికారులు ఆయన్ని ఇంట్లోనే కాల్చి చంపారు. అప్పటికి ఈవిడకి నాలుగేళ్ళు. సైన్యం చేతికి దేశం పోతే ఏమవుతుందో ఆ ఇంట్లో వాళ్ళకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. అమెరికాలో డాక్టరేట్ చేసినప్పుడు కూడా జపాన్ ఆ యుద్ధపు బాట ఎలా పట్టిందన్నదే పరిశోధించారు. తర్వాత ప్రొఫెసర్. 1968లో మహిళా నాయకురాలు ఫుసాయె ఇచికావా "ఐక్యరాజ్యసమితి సమావేశాలకు మన బృందంలో రా" అని అడిగారు. ఇంట్లో చిన్నపిల్లలు. అయినా వెళ్ళారు. 1976లో ఐక్యరాజ్యసమితిలోని జపాన్ కార్యాలయంలోనే మినిస్టర్ హోదాలో (అంటే మంత్రి కాదు, రాయబారి కింది హోదా) దౌత్యవేత్త అయ్యారు. 1979లో థాయ్‌లాండ్ సరిహద్దుకు చేరిన కంబోడియా శరణార్థుల పరిస్థితి చూడ్డానికి వెళ్ళిన జపాన్ బృందానికి ఆవిడే నాయకురాలు. విందుల మాటంటారా, అవీ ఉంటాయి. మీ నాన్నగారు చూసింది ఆ ఫొటోలే అయ్యుంటుంది.

1991 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకు హైకమిషనర్, అంటే అధిపతి, అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. వయసు 63. మన దగ్గర రిటైరై మనవళ్ళను స్కూలు బస్సెక్కించే వయసు.

ఆ ఏప్రిల్‌లోనే ఇరాక్ సైన్యానికి భయపడి ఆ దేశం ఉత్తరాన ఉండే కుర్దు జాతి జనం కొండలు పట్టుకుని పారిపోయారు. పది లక్షలకు పైగా జనాన్ని ఇరాన్ రానిచ్చింది. టర్కీ గేటు మూసేసింది. ఆ సరిహద్దు కొండల మీద, మంచులో, నాలుగు లక్షల మంది చిక్కుకుపోయారు. ఇక్కడే రూల్ అడ్డొచ్చింది. శరణార్థుల గురించి దేశాలు చేసుకున్న 1951 ఒప్పందం ప్రకారం సొంత దేశం గీత దాటితేనే శరణార్థి. వీళ్ళు గీత దాటలేదు, దాటనివ్వలేదు. సొంత దేశంలోనే ఉన్నవాళ్ళ జోలికి మన సంస్థ పోతే రేపు ప్రతి దేశమూ ఇలాగే గేటు మూసేస్తుందని జెనీవాలోని సంస్థ ప్రధాన కార్యాలయంలో సీనియర్లు కొందరు గట్టిగా వాదించారు. ఆ వాదన కూడా తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఒగాటా అందరి మాటా విన్నారు. మన మొదటి పని ప్రాణం కాపాడటం, గీతకి ఇవతల ఉన్నా అవతల ఉన్నా వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం అని తేల్చేశారు. ఈరోజు సొంత దేశంలోనే నిరాశ్రయులైనవాళ్ళకి ఆ సంస్థ చేస్తున్న సాయం అంతగా పెరగడానికి ఆ నిర్ణయం పెద్ద కారణం.

ఇదంతా నేను పుస్తకాల్లో చదివే పాఠం చెప్పాను. నాకు నిజంగా అర్థమైంది మాత్రం 2021 నవంబరులో. తిరుపతిలో వీధులు వాగులైన ఆ వారం గుర్తుందిగా? స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకి లీకేజీ పడి ఊళ్ళు ఖాళీ చేయించారు. మా ఇంటికి దగ్గర్లో ఒక కల్యాణ మండపంలో అన్నం, దుప్పట్లు ఇస్తుంటే సాయానికి పోయాను. ఇద్దరు పిల్లలతో ఒకావిడ వచ్చింది. బిల్డింగు పనికి ఎక్కడినుంచో వలసొచ్చిన కుటుంబం. తడిసిన చీర కొంగే పిల్లలిద్దరికీ కప్పింది. "ఈ వార్డు రేషన్ కార్డు ఉందా? లిస్టులో పేరు లేదు" అని ఒక పెద్దమనిషి వెనక్కి పొమ్మన్నాడు. ఆమె వాదించలేదు. నిలబడే ఉంది. టేబుల్ దగ్గర రాస్తున్న కుర్రాడు ఒక్క నిమిషం ఆ లిస్టు వైపు చూశాడు. నోటుబుక్కు మూసి, మూడు పొట్లాలు, రెండు దుప్పట్లు ఆమె చేతిలో పెట్టాడు. వాళ్ళు లోపలికి వెళ్ళాక పుస్తకం చివరి పేజీ తీసి "తల్లి, ఇద్దరు పిల్లలు, పేర్లు అడగాలి" అని రాసుకున్నాడు. లెక్కా తప్పలేదు, మనిషీ తప్పలేదు.

తల్లీ, విదేశాంగ శాఖలో చేరితే నీ చేతికీ అలాంటి లిస్టులు వస్తాయి. పరీక్ష రాయి. నాన్నగారికి ఈ జవాబు చదివి వినిపించు, ఇంకా అనుమానముంటే నాకు ఉత్తరం రాయమను.

ప్రశ్న: మొన్న చిత్తూరులో మీ ప్రసంగం విన్నాను. ఒగాటాను అంతగా పొగిడారు. రువాండాలో మారణహోమం చేసినవాళ్ళు దాక్కున్న శిబిరాలకు ఆమె సంస్థే కదా తిండి పెట్టింది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మీరడిగింది న్యాయమైన ప్రశ్న, మాస్టారూ. 1994 జులైలో కొద్ది రోజుల్లోనే సుమారు పది లక్షల మంది రువాండా నుంచి పక్కనే ఉన్న జైర్ (ఇప్పటి కాంగో) దేశంలోని గోమాకు వచ్చిపడ్డారు. వెంటనే కలరా. వేలల్లో పోయారు. ఆ గుంపులోనే తుపాకులతో హంతకులు, వాళ్ళ నాయకులు. వాళ్ళను వేరుచేయడానికి బలగాలు పంపమని ఐక్యరాజ్యసమితి దేశాలను అడిగితే ఎవరూ కదల్లేదు. చివరికి 1995లో సంస్థ డబ్బుతోనే జైర్ సైనికులు 1,500 మందిని కాపలా పెట్టించారు. డాక్టర్ల సంస్థ ఒకటి, దాని ఫ్రెంచ్ విభాగం, ఇది మా వల్ల కాదని వెళ్ళిపోయింది. ఒగాటా ఉండిపోయారు. అక్కడున్నవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళు, పిల్లలే.

సాయం ఆపడం తెలియని మనిషి కాదావిడ. 1993 ఫిబ్రవరిలో బోస్నియా యుద్ధంలో అన్ని పక్షాలూ సాయాన్ని రాజకీయానికి వాడుకుంటుంటే చాలా చోట్ల పని నిలిపేశారు. రోజుల్లోనే ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆ ఆదేశాన్ని రద్దు చేశారు. మానవతా సమస్యలకు మానవతా పరిష్కారాలు లేవు, రాజకీయ నాయకులే తేల్చాలి అని ఆవిడ పదేపదే చెప్పింది ఇందుకే. గోమాలో నెలల తరబడి హంతకుల పెత్తనం సాగడం నన్నూ బాధిస్తుంది. కానీ కలరా పట్టిన పిల్లకు ఉప్పు, చక్కెర నీళ్ళు పట్టేముందు నీ తండ్రి ఎవరని అడగలేం కదా మాస్టారూ. తప్పు ఎక్కడుందంటే బలగాలు పంపని రాజధానుల్లో ఉందంటాను.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. చదువు పదో తరగతి. వరదలప్పుడు శిబిరంలో వంట చేశాను. అలాంటి పని ఇంకా చేయాలనుంది, ఇప్పుడు ఆలస్యమైపోయిందేమో?
– ఒక గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: ఒగాటా 76వ ఏట, 2003లో, జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థకు అధ్యక్షురాలయ్యారు. మన ఢిల్లీ మెట్రోకు అప్పిచ్చింది జపానే, ఇప్పుడా అప్పులు చూసేది ఈ సంస్థే. టోక్యో ఆఫీసులో ఉన్న సిబ్బందిని సాయం అందుకునే దేశాలకు పంపడం మీదే పట్టుబట్టారు. 2012 దాకా అక్కడే. 52 అంటే మీకు బోలెడంత టైముంది.

ముందు జిల్లా రెడ్‌క్రాస్ శాఖకు వెళ్ళి ప్రథమ చికిత్స శిక్షణ ఎప్పుడుందో కనుక్కోండి. వందమందికి ఒకేసారి వండటం మీకు వచ్చు కాబట్టి ఆ సంగతి కూడా అక్కడ రాయించండి. వానాకాలం మొదలయ్యేలోపే వెళ్ళండమ్మా.